మగాడివి కాదూ? ఆటోనగర్‌లో పది ఆదివారాల హెల్త్ క్లాసులు, నా రివ్యూ

మూడో ఆదివారం మధ్యలో లేచి వచ్చేద్దామని చెప్పులు కూడా వేసేసుకున్నాను. అప్పటికి రెండు వారాలుగా అదే హాల్లో కూర్చుని వినీ వినీ విసుగొచ్చేసింది. మగవాళ్ళు తాగుతారు, కొడతారు, ఆస్పత్రికి వెళ్ళరు, ఇంట్లో పని చెయ్యరు అని ఒకాయన మైకు పట్టుకుని గంటన్నర చెప్తుంటే మేమందరం ఏదో కేసులో దొరికిపోయి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నట్టు తలలు దించుకుని విన్నాం. సరిగ్గా అప్పుడే ఒక నర్సు సిస్టర్ బీపీ మిషన్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, "ఒక్కొక్కళ్ళే రండి తమ్ముళ్ళూ, రెండు నిమిషాల పని" అంది. మా షెడ్డులో గ్రైండింగ్ చేసేవాడు ముందు వెళ్ళాడు. వాడికి ఇరవై ఏడేళ్ళు, రోజూ జిమ్‌కి వెళ్తాడు, లారీ టైరు ఒక్కడే దొర్లించుకుంటూ తీసుకుపోతాడు. 164/104 వచ్చింది. మిషన్ పాడైందేమో సిస్టర్ అని రెండో చెయ్యి ఇచ్చాడు. అదీ అంతే. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి మళ్ళీ చూసింది, 160 దగ్గర ఆగింది. 140/90 దాటితే ఎక్కువ ఉన్నట్టే లెక్క, ఒక్కరోజు చూసి తేల్చెయ్యకూడదు గానీ వదిలెయ్యడం మాత్రం అస్సలు కుదరదు అని చెప్పింది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నేను చెప్పులు విప్పేసి మళ్ళీ కూర్చున్నాను.

ఇది విజయవాడ ఆటోనగర్ సంగతి. నేను లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్ని, తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు షెడ్డు షెడ్డుకీ తిరిగి కాగితాలు పంచారు: పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ మధ్య మగపిల్లలకి ఆరోగ్య శిక్షణ, పది ఆదివారాలు, సాయంత్రం ఆరింటికి, ఫీజు లేదు, చివర్లో సర్టిఫికెట్, మధ్యలో టీ, పునుగులు. సంస్థ పేరు రాయడం లేదు. కింద వాళ్ళ తప్పులు కూడా రాస్తున్నాను కాబట్టి, మంచి ఉద్దేశంతో వచ్చినవాళ్ళ మీద అందరూ పడటం నాకు ఇష్టం లేదు. మొదటి రోజు ఇరవై రెండు మందిమి ఉన్నాం, చివరి రోజుకి పదముగ్గురం మిగిలాం. ఆ పదముగ్గురం ఎందుకు మిగిలామో, తొమ్మిది మంది ఎందుకు వెళ్ళిపోయారో రాస్తే ఇలాంటివి పెట్టేవాళ్ళకీ, వెళ్దామా వద్దా అని ఆలోచించేవాళ్ళకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు మొదటి రెండు వారాల గురించి. గోడకి ఒక పెద్ద పోస్టర్ అంటించారు, "నిజమైన మగాడు ఏడవడానికి సిగ్గుపడడు" అని. ఉద్దేశం మంచిదే. కానీ మా పక్క షెడ్డు పెయింటర్ తమ్ముడు అది చూసి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "మళ్ళీ నిజమైన మగాడేనా అన్నా? ఇంట్లో నాన్న ఒక రకం చెప్తాడు, షెడ్డులో మేస్త్రి ఒక రకం చెప్తాడు, ఇప్పుడు వీళ్ళు ఇంకో రకం చెప్తున్నారు, మనం ఎలా ఉండాలో ఎప్పుడూ ఎవరో ఒకళ్ళు చెప్పడమేనా?" వాడికి పంతొమ్మిదేళ్ళు. రెండో వారం తర్వాత రాలేదు. నన్నడిగితే ఆ సంస్థ పోగొట్టుకున్న అందరిలోకీ తెలివైనవాడు వాడే. వెళ్ళిపోయిన తొమ్మిది మందిలో కనీసం ఐదుగురు నాతో చెప్పిన మాట ఒకటే, "తిట్టడానికి పిలిచారు బావా". మారడం ఇష్టం లేక వెళ్ళారని మైకు పట్టుకుని చెప్పిన ఆ సార్ అనుకున్నారు. అది నిజం కాదు. వాళ్ళలో ఒకడు ఇంట్లో అమ్మకి ఒంట్లో బాగోకపోతే రెండేళ్ళుగా తనే వంట చేసి షెడ్డుకి వచ్చేవాడు, ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగకుండానే వీళ్ళంతా ఇలాంటివాళ్ళే అని మొదలుపెడితే ఎవడైనా లేచి వెళ్ళిపోతాడు.

బీపీ చూసిన ఆ మూడో వారం నుంచే ట్రైనర్ మారాడు. కొత్తగా వచ్చినవాడు మాకంటే ఐదారేళ్ళు పెద్ద, ఒకప్పుడు టూ వీలర్ మెకానిక్‌గా చేశాడట, గోళ్ళ సందుల్లో నలుపు ఎలా వదిలించాలో తెలిసినవాడు. సార్ అని పిలవొద్దన్నాడు, అన్నా అని పిలిచాం. మైకు పక్కన పెట్టి కుర్చీలు గుండ్రంగా వేయించాడు. అడిగిన మొదటి ప్రశ్న, "ఈ నెల్లో ఒంటికి ఏదో అయి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నది ఏంటి? చెప్పాలనిపించినవాళ్ళే చెప్పండి."

కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒకడు మూత్రంలో మంట అన్నాడు, మూడు వారాలుగా, మెడికల్ షాపులో ఏదో బిళ్ళ అడిగి వేసుకుంటున్నాడట. ఇంకొకడు నడుం నొప్పి. నేను కళ్ళ గురించి చెప్పాను.

వెల్డింగ్ తెలియనివాళ్ళకి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఆర్క్ వెల్డింగ్ చేసేటప్పుడు నల్లద్దం ఉన్న షీల్డు మొహానికి అడ్డం పెట్టుకోవాలి, ఆ వెలుగులో ఉండే అల్ట్రా వయొలెట్ కిరణాలు కంటి పైపొరని కాల్చేస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలీదు. రాత్రి పదకొండు, పన్నెండు అయ్యేసరికి కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టు మొదలవుతుంది, రెప్ప మూస్తే మంట, తెరిస్తే నీళ్ళు, ట్యూబ్‌లైట్ కూడా చూడలేం, తెల్లారేదాకా గోడకి మొహం పెట్టి కూర్చోవడమే. షీల్డు ఉండి కూడా మాలో చాలామంది పెట్టుకోం. చిన్న అతుకులు వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, ఒక కన్ను మూసి, చటుక్కున అంటించేస్తాం. నేను పనిలో చేరిన కొత్తలో షీల్డు పెట్టుకుంటే సీనియర్ ఒకడు నవ్వి, "ఏరా, పెళ్ళికూతురివా ముసుగేసుకున్నావు? మగాడివి కాదూ?" అన్నాడు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఆ రోజు తీసేసిన షీల్డు తొమ్మిదేళ్ళు చిన్న పనులకి మళ్ళీ పెట్టలేదు. ఇది చెప్తుంటే నా గొంతు మారిపోవడం నాకే తెలుస్తోంది. దీన్ని నేనెప్పుడూ మగతనం, ఆరోగ్యం అనే పేర్లతో ఆలోచించలేదు, పని అంటే అంతే అనుకున్నాను. అన్న ఏమీ వ్యాఖ్యానం చెయ్యలేదు. చార్టు మీద "మగాడివి కాదూ" అని రాసి, ఈ మాట మీరు ఎప్పుడెప్పుడు, ఎవరి నోట విన్నారో చెప్పండి అన్నాడు. చార్టు సరిపోలేదు. సూది వేయించుకోవడానికి భయపడితే విన్నాం, రాత్రి ఒంటరిగా వెళ్ళనంటే విన్నాం, మందు వద్దంటే విన్నాం, జ్వరంతో పనికి రానంటే విన్నాం, చెల్లి జడ దువ్వితే విన్నాం. ఒకడు, నాన్న పోయిన రోజు విన్నానన్నాడు. చుట్టాలందరూ వచ్చి, "నువ్వే ఇలా ఏడిస్తే మీ అమ్మని ఎవరు చూస్తార్రా, మగాడివి కాదూ" అన్నారట. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు.

ఆ నిమిషంలో సంస్థ తరఫున వచ్చిన ఒకాయన ఫోన్ పైకెత్తి ఫోటో తీశాడు, ఫ్లాష్‌తో సహా.

ఈ ఒక్క పనికి నేను ఒక స్టార్ పూర్తిగా తీసేస్తున్నాను. రిపోర్టుకి ఫోటోలు కావాలట. ప్రతివారం తీసేవాళ్ళు, మేము బ్యానర్ కింద నిలబడినప్పుడు తీస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ పద్నాలుగేళ్ళు లోపల దాచుకున్నది ఒకడు మొదటిసారి బయటికి తీస్తున్నప్పుడు తీస్తారా? ట్రైనర్ అన్న వెంటనే లేచి ఆ ఫోటో అందరి ముందూ తీసేయించాడు, ఇకనుంచి హాల్లోకి ఫోన్ రాకూడదని చెప్పాడు. ఆయన ఆ పని చెయ్యకపోతే నాలుగో వారానికి హాలు ఖాళీ అయ్యేది. ఇలాంటి క్లాసులు పెట్టే ఎవరికైనా నా మొదటి మాట ఇదే, కెమెరా బయట పెట్టండి.

నాలుగో వారం ఒక కార్టూన్ సినిమా వేశారు, ఇరవై నిమిషాలు ఉంటుందేమో, అందులో మాటలే లేవు. ఒక పిల్లాడు పుట్టిన దగ్గర్నుంచి పెద్దయ్యేదాకా కథ. వాడు బొమ్మతో ఆడుకోబోతే ఎక్కణ్ణుంచో ఒక పెన్సిల్ వచ్చి దాన్ని చెరిపేస్తుంది, ఏడవబోతే మార్చేస్తుంది, వాడు ఎలా నిలబడాలో, ఎలా చూడాలో అదే గీస్తుంది. మాటలు లేకపోవడం వల్లనో ఏమో అది మా ఇంటి కథలానే అనిపించింది. ఎవరు తీశారని అడిగితే అన్న చెప్పిన విషయం నాకు బాగా నచ్చింది.

ఇది బ్రెజిల్ నుంచి వచ్చింది. రియో డి జనీరోలో ప్రొముండో అనే సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2002 ప్రాంతంలో ప్రోగ్రాం హెచ్ అని మొదలుపెట్టింది. హెచ్ అంటే పోర్చుగీసులో హోమెన్స్, అంటే మగవాళ్ళు. బాంగు, మరే లాంటి పేద బస్తీల్లో పద్నాలుగు నుంచి ఇరవై ఐదేళ్ళ కుర్రాళ్ళని గుంపులుగా కూర్చోబెట్టి ఆరోగ్యం, సెక్స్, కొట్లాటలు, తండ్రి కావడం గురించి వాళ్ళచేతే మాట్లాడించారు. అక్కడి కుర్రాళ్ళకి నోట్లో నానే మాట ఒకటి ఉందట, ఓరా అగా. అగా అంటే అక్కడ హెచ్ అక్షరం. మన భాషలో చెప్పాలంటే ఒళ్ళు తెలీని ఆ క్షణం. "అమ్మాయిని కొట్టకూడదని మాకు తెలీదా, కానీ ఆ క్షణంలో ఏం చేస్తామో తెలీదు" అనేవాళ్ళట. ప్రచారానికి ఆ మాటనే పేరుగా పెట్టారు, అదే క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకునేవాడు కూడా ఉంటాడు కదా అనే అర్థం వచ్చేలా. మాట కుర్రాళ్ళది, కొత్త అర్థం కూడా వాళ్ళదే. క్లాసులకి తోడు బస్తీలో ప్రచారం కూడా జరిగిన బాంగులో, సుఖవ్యాధుల లక్షణాలు ఉన్నాయని చెప్పే కుర్రాళ్ళ శాతం 23 నుంచి 4కి తగ్గిందని అన్న చెప్పాడు. మొదటి రెండు వారాలు మాకు ఏం లోటుగా అనిపించిందో ఇది విన్నాక తెలిసింది. మా మాట ఒక్కటి కూడా ఆ సార్ నోట రాలేదు.

మన దేశంలో దీన్నే "యారీ దోస్తీ" పేరుతో ముంబై బస్తీల్లో, గోరఖ్‌పూర్ దగ్గర పల్లెల్లో చేశారు. పాపులేషన్ కౌన్సిల్, కోరో సంస్థలు ప్రొముండోతో కలిసి తెచ్చిన ట్రైనింగ్ పుస్తకం 2006లో వచ్చింది. మాకు చెప్పిన ఆటలు చాలావరకు దాని దారిలోవే. ఎవరైనా మీ దగ్గర ఇలాంటిది పెట్టాలనుకుంటే ఆ పుస్తకం పట్టుకోండి, అందులో ఉపన్యాసాల కంటే చేయించే పనులే ఎక్కువ.

ఐదో వారం నడిచే ఆట. హాలు ఒక గోడ "అవును", ఇంకో గోడ "కాదు", మధ్యలో "తెలీదు". అన్న ఒక వాక్యం చదివితే మన అభిప్రాయం ఎటుంటే అటు నడవాలి. "పిల్లలకి స్నానం చేయించడం తల్లి పని" అన్నప్పుడు సగం సగం చీలాం. "కొన్నిసార్లు ఆడవాళ్ళకి దెబ్బ పడాల్సిందే" అన్నప్పుడు ముగ్గురు అవును దగ్గరికి వెళ్ళారు, ఎక్కువ మంది కాదు వైపు వెళ్ళారు, నేను మధ్యలో ఆగిపోయాను. ఇది దాచకుండా రాయాలని అనుకున్నాను. నా మనసులో సమాధానం కాదు. మా ఇంట్లో అమ్మ దెబ్బలు తినడం చిన్నప్పుడు చూసినవాణ్ణి. అయినా మధ్యలో ఎందుకు ఆగానంటే, నాతో రోజూ అన్నం తినేవాడు, నాకు పని నేర్పినవాడు అవును గోడ దగ్గర నిలబడ్డాడు. వాడికి ఎదురుగా నిలబడటం నాకు చేతకాలేదు. అన్న నన్ను ఏమీ అనలేదు, అందర్నీ అడిగినట్టే అడిగాడు, ఇక్కడే ఎందుకు నిలబడ్డావని. వాడి మొహం చూడకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. అవును దగ్గర ఉన్నవాడు కాసేపు గోడనే చూస్తూ నిలబడి, "నువ్వు ఇటు వస్తావనుకున్నాను గానీ, నా వల్ల ఆగుతావనుకోలేదురా" అన్నాడు. వాడు ఆ రోజు గోడ మారలేదు. రెండు వారాల తర్వాత కూడా మారలేదు. కానీ చివరి వారం దాకా వచ్చాడు, మొత్తం పదీ మానకుండా వచ్చిన ఆరుగురిలో వాడొకడు.

మగపిల్లలు ఇలాంటి క్లాసుల గురించి ఏమనుకుంటారని బయటివాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇదే: అందరూ ఒకేలా అనుకోరు, ఒకే మనిషి కూడా అన్ని విషయాల్లో ఒకేలా అనుకోడు. బీపీ, కళ్ళు, నిద్ర గురించి అయితే అందరూ ముందుకొచ్చారు. ఇంటిపని అన్నప్పుడు పెళ్ళైనవాళ్ళు మౌనం, పెళ్ళికానివాళ్ళు ఉత్సాహం. డబ్బు సంపాదించే బాధ్యత ఒక్క మగాడిదే అనడం తప్పని చెప్పినప్పుడు మాత్రం అందరూ ఒక్కసారిగా మాట్లాడారు, ఎందుకంటే అప్పులవాడు నెల మొదట్లో ఇంటికొచ్చి పేరు పెట్టి పిలిచేది మమ్మల్నే. ఆ రోజు చర్చ ఎనిమిదిన్నర దాకా సాగింది, వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆపేదాకా. మా మీద ఉన్న బరువు గురించి ముందు మాట్లాడిన రోజునే, మా వల్ల ఇంట్లోవాళ్ళ మీద పడే బరువు గురించి కూడా మాట్లాడగలిగాం. ఆ వరస తప్పితే రెండూ జరగవు.

ఏడో వారం కుటుంబ నియంత్రణ. డాక్టర్ గారు వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, దేశంలోనే చాలా ఎక్కువ, మగవాళ్ళు చేయించుకున్నది చూస్తే ఒక శాతం కూడా లేదు అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చెప్పారు. మా వదిన గుర్తొచ్చింది. ఇరవై మూడేళ్ళకే రెండో కాన్పు, వెంటనే ఆపరేషన్, తర్వాత నెల రోజులు బిందె ఎత్తలేక మంచం పట్టుకుని లేచేది, మా అన్నయ్యకి ఆ ఆపరేషన్ చెయ్యొచ్చన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ, వదినతో సహా, రాలేదు. మగవాళ్ళకి చేసే కోత లేని పద్ధతిని చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టర్ 1974లో కనిపెట్టారట, చిన్న రంధ్రంతో, మత్తు ఆ భాగానికి మాత్రమే ఇచ్చి, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, కుట్లు ఉండవు. "బరువులు ఎత్తలేం అంటారు కదా మేడం?" అని అడిగాం. మగ హార్మోన్ రక్తంలో కలుస్తుంది, కట్ చేసేది వీర్యకణాలు వెళ్ళే గొట్టాన్ని, రెండింటికీ సంబంధం లేదు, ఆగాల్సింది కొద్ది రోజులే, అయితే మూడు నెలల దాకా కండోం వాడి, తర్వాత పరీక్ష చేయించుకుని సున్నా అని తేలాకే నమ్మాలి అని ఆవిడ బొమ్మ గీసి చూపించారు. భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పారు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు, అందులో ఎక్కువ భాగం మగవాళ్ళకి, చాలాచోట్ల బలవంతంగా. మా తాతల కాలంనాటి భయం మా దాకా వచ్చిందన్నమాట. ఇద్దరు పిల్లలున్న ఒకడు ఆ రోజు ఏమీ మాట్లాడలేదు, పై వారం వచ్చి, ఇంట్లో మా ఆవిడకి ఆ బొమ్మ గీసి చూపించాను, అది నన్ను నమ్మలేదు అన్నాడు. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి. కానీ ఇలాంటి క్లాసుకి ఒక్కరోజైనా ఇంట్లో ఆడవాళ్ళని కూడా పిలవాలని నాకు అప్పుడే అనిపించింది. పిలవలేదు. అది ఇంకో లోపం.

మనసు గురించి చెప్పిన వారం చిన్నదైపోయింది, వర్షం పడి కరెంటు పోయింది. కానీ ఆ రోజు విన్న లెక్క మాత్రం మర్చిపోలేను. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని నేర రికార్డుల బ్యూరో చెప్తోంది, ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్ళు, మొత్తంలో పావు వంతు పైన రోజుకూలీలు. అంటే మాలాంటివాళ్ళు. చీకట్లో సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని అందరం 14416 నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకున్నాం. అది టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది చదువుతున్నవాళ్ళు కూడా సేవ్ చేసుకోండి, ఏ పేరుతో పెట్టుకున్నా పర్లేదు, మావాడొకడు "గ్యాస్ సిలిండర్" అని పెట్టుకున్నాడు, ఇంట్లో ఎవరైనా ఫోన్ చూస్తే అడగకుండా. ఆ పేరు చూసి అప్పుడు ఎవరం నవ్వలేదు.

ఇక మిగతా లోపాలు. బీపీ వచ్చినవాడికి సోమవారం పదింటికి ఆస్పత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చారు. సోమవారం పదింటికి అంటే రోజు కూలి తొమ్మిది వందలు పోయినట్టే, పైగా మేస్త్రికి కారణం చెప్పాలి, బీపీ అని చెప్తే "ఈ వయసులో బీపీ ఏంట్రా" అంటాడు. మూడు సోమవారాలు వాయిదా వేశాడు. చివరికి నేను కూడా సెలవు పెట్టి తీసుకెళ్ళాను. క్లాసులో ధైర్యం చెప్పి పంపించి, ఆస్పత్రి టైము మాత్రం మా పని టైములోనే ఉంటే ఆ ధైర్యం ఎన్నాళ్ళుంటుంది? ప్రభుత్వం తరఫున కౌమార ఆరోగ్య కార్యక్రమం ఒకటి 2014 నుంచి ఉంది, కానీ అది పది నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళకి. ఇరవై నిండాక మగాడికంటూ ఏముంది? ఆడవాళ్ళకి కాన్పు పేరుతోనైనా ఆస్పత్రితో పరిచయం అవుతుంది, మాకు ఏదో విరిగితేనో తెగితేనో తప్ప వెళ్ళే అలవాటే లేదు.

ఇంకొకటి, హాల్లో మారినంత మాత్రాన షెడ్డు మారదు. నాలుగో వారం తర్వాత నేను షీల్డు పెట్టుకుని చిన్న అతుకులు వేస్తుంటే అదే పాత మాట వినిపించింది, ఈసారి వేరేవాడి నోట. క్లాసుకి రానివాళ్ళు నలభై మంది ఉన్న చోట వచ్చినవాళ్ళం నలుగురం. ముంబైలో పరివర్తన్ అని ఒక కార్యక్రమంలో కుర్రాళ్ళకి బదులు ముందు స్కూలు క్రికెట్ కోచ్‌లకి శిక్షణ ఇచ్చారని అన్న చెప్పాడు, పిల్లలు ఎవరి మాట వింటారో వాళ్ళతోనే మొదలుపెట్టాలని. మా దగ్గర ఆ కోచ్ అంటే మేస్త్రే. ఒక్క మేస్త్రినైనా కూర్చోబెట్టి ఉంటే నాకు తొమ్మిదేళ్ళ కింద జరిగింది ఇప్పుడు చేరే హెల్పర్ కుర్రాడికి జరగకుండా ఉంటుంది. పదో వారం ఈ మాట సంస్థవాళ్ళతో గట్టిగా చెప్పాను, రాసుకున్నారు.

స్టార్లు అడిగేవాళ్ళకి: ఐదుకి మూడున్నర. ట్రైనర్ అన్నకి, సిస్టర్‌కి, డాక్టర్ మేడంకి విడిగా అయితే ఐదుకి ఐదు. మొదటి రెండు వారాలు తీసేసి, సిస్టర్ బీపీ మిషన్‌తోనే మొదలుపెడితే ఇరవై రెండు మందిలో ఇరవై మంది చివరిదాకా ఉండేవాళ్ళని నా నమ్మకం. టైము ఆరు బదులు ఏడున్నర పెట్టండి, ఆదివారం కూడా పని ఉన్న షెడ్లు ఆటోనగర్‌లో చాలానే ఉన్నాయి. సర్టిఫికెట్ లేకపోయినా పర్లేదు. పది వారాలు అయిపోయాక నెలకొక్కసారైనా హాలు తాళం ఇవ్వండి, మేమే కూర్చుంటాం.

తాళం ఇంకా ఇవ్వలేదు కాబట్టి ప్రస్తుతం ఏడుగురం ఆదివారం సాయంత్రం మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కలుస్తున్నాం. గ్రైండింగ్ చేసేవాడు బీపీ బిళ్ళ వేసుకుంటున్నాడు, పోయిన వారం చూస్తే 138/88 ఉంది. వెళ్ళిపోయిన పెయింటర్ తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను. వస్తానన్నాడు, పోస్టర్లు లేకపోతేనే అన్నాడు. రెండో బ్యాచ్ కాగితాలు సంక్రాంతి తర్వాత పంచుతారట, మా వైపు షెడ్లలో ఎవరైనా చదువుతుంటే మూడో వారం దాకా మాత్రం ఓపిక పట్టండి.